వంగపురుగు పురిటి పసుపు

ఒకప్పుడు వంగతోటలో తిరిగే పెంకుపురుగుని చూసి దాని వయసు చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు.

ఆకు వెనక ముడుచుకుని పడుకున్న పిల్లపురుగు, పాత తోలు విడిచి రెక్కలతో బయటికి వచ్చేసరికే, తోమిన రాగి చెంబులా తళతళలాడేది. చచ్చేదాకా అదే రంగు. వీపు మీద చుక్క అనేది ఉండేది కాదు. పొద్దున పుట్టినదీ రాగి రంగే, రేపో మాపో రాలిపోయేదీ రాగి రంగే.

దాంతో తోటలో పలకరింపులన్నీ తారుమారుగా ఉండేవి.

"ఏం తాతా, బాగున్నావా?" అని ఒక పురుగు అడిగేది.

"తాత ఎవరయ్యా? నేను పుట్టి పూటైనా కాలేదు. నువ్వే నాకు తాతవి" అని రెండోది మూతి ముడుచుకునేది.

"అమ్మో, అంత పెద్దవాడినా నేను!" అని మొదటిది అద్దంలాంటి మంచుచుక్క వెతుక్కుంటూ పోయేది.

అప్పట్లో పురుగులూ మనుషులూ మొక్కలూ ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్ళు. గోదావరి రెండు పాయలుగా చీలిన చోట, మధ్యలో ఒండ్రుమట్టి పేరుకుని ఒక లంక ఏర్పడింది. ఆ లంకలో లోవమ్మకి ఒక చిన్న వంగతోట ఉండేది. ఆ తోట ఆమె అమ్మమ్మ పెట్టింది. గట్టు చుట్టూ పసుపు మొక్కలు, లోపల వంగ మొక్కలు.

అమ్మమ్మ తోట పెట్టినప్పుడే పురుగులతో ఒక ఒప్పందం చేసుకుంది. ఒక పొద్దున గట్టు మీద చతికిలబడి, పురుగుల పెద్దని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇలా చెప్పింది:

"చూడు నాయనా. మీరూ బతకాలి, మేమూ బతకాలి. కింది ముదురాకు మీది. మధ్య ఆకు మొక్కది. పైన చిగురు కాయది. చిగురు జోలికి మాత్రం రావద్దు."

పురుగుల పెద్ద కాళ్ళు రుద్దుకున్నాడు. "బాగానే ఉందండీ. కానీ మాలో అప్పుడే పుట్టిన పసివాళ్ళకి దవడ గట్టిపడదు. ముదురాకు కొరకలేరు. వాళ్ళ సంగతేంటండీ?"

అమ్మమ్మ ఆలోచించింది. మనిషింట్లో పురుడు వస్తే బాలింతకి వేరే కూర, వేరే పథ్యం ఉంటుంది కదా అనుకుంది. "సరే. పురుడు వచ్చిన రోజు ఆ పసిదానికి ఒక చిగురాకు. మొక్కని అడిగితే అదే వంచి ఇస్తుంది. మర్నాటినుంచి మాత్రం అందరితోపాటు ముదురాకే" అంది.

దానికి పురిటాకు అని పేరు పెట్టారు. అమ్మమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ మాట దాటిన పురుగు లేదు. పొద్దున్నే ఒక పసిది మొక్క దగ్గరికి తడబడుతూ వెళ్ళడం, మొక్క కొమ్మ వంచడం, ఆ పసిది లేత ఆకు కొరుకుతుంటే అమ్మమ్మ గట్టు మీద గంజి తాగుతూ నవ్వుకోవడం, లోవమ్మ చిన్నప్పుడు రోజూ చూసేది. తరవాత చాలా ఏళ్ళకి, పొద్దుటి మంచు వాసన తగిలినప్పుడల్లా ఆమెకి ముందు గుర్తొచ్చేది అదే.

అమ్మమ్మ వెళ్ళిపోయింది. తోట లోవమ్మ చేతికి వచ్చింది.

*

ఒక ఏడు గోదావరి బాగా పొంగింది. లంక అంతా నీళ్ళు. లోవమ్మ వంటింట్లో దూలానికి కట్టిన విత్తనాల మూట కూడా నానిపోయి బూజు పట్టింది.

ఆ మూటలో ఉన్నవి అమ్మమ్మ చారల వంకాయ విత్తనాలు. తెల్లని కాయ మీద ఊదారంగు చారలు. నూనెలో వేస్తే వెన్నలా కరిగేది. ఆ రకం ఇంక ఎవరి దగ్గరా లేదు. లంకలో మిగతావాళ్ళంతా ఎప్పుడో నల్ల వంకాయకి మారిపోయారు.

లోవమ్మ ఆ బూజు పట్టిన గింజలే చల్లి చూసింది. మడి అంతా మట్టిగానే ఉండిపోయింది. ఒక మూల ఒక్క మొలక లేచింది. ఆమె దాన్ని తోట మధ్యలో నాటి, దోసిలితో నీళ్ళు పోసి పెంచింది. కాయలు కాసింది. అందులో మంచి కాయ ఒకటి చూసి, కొయ్యకుండా, కాడకి గుడ్డపేలిక కట్టి విత్తనానికి వదిలింది.

విత్తనపు కాయ మొక్క మీదే పండాలి. చారలు చెరిగిపోయి, తోలు పసుపు పచ్చగా మారాలి. అప్పుడే లోపల గింజ గట్టిపడుతుంది. అంతదాకా ఆ మొక్క బతికి ఉండాలి.

అలాంటి సమయంలో ఒక పొద్దున లోవమ్మ వచ్చి చూస్తే మొక్క తలకాయ బోసిగా ఉంది. చిగుళ్ళన్నీ గీకేసి ఉన్నాయి. ఈనెలు మాత్రం మిగిలి, ఆకులు జల్లెడలా కనిపిస్తున్నాయి.

"ఏమైందే నీకు?" అని లోవమ్మ మొక్కని పట్టుకుంది.

"పురుళ్ళమ్మా" అంది మొక్క నీరసంగా. "రోజూ పురుళ్ళే. పొద్దున్నే వరసగా వస్తున్నారు. ఇప్పుడే పుట్టామంటున్నారు. అమ్మమ్మగారి మాట కాదనలేక వంచి ఇస్తున్నాను."

"ఇంతమంది ఎక్కడ పుట్టారే?"

"ఏమోనమ్మా. అందరూ ఒకేలా ఉన్నారు. కానీ ఒక్క మాట. నేను వండుకునేది ఆకుల్లోనే. ఆకు లేకపోతే కాయకి పెట్టడానికి నా దగ్గర ఏమీ ఉండదు. ఇలాగే ఉంటే కాయ పండదు, పచ్చిగానే ముడుచుకుపోతుంది."

లోవమ్మ గుడ్డపేలిక కట్టిన కాయ వంక చూసింది. ఆ కాయ ముడుచుకుపోతే అమ్మమ్మ వంకాయ ఈ భూమి మీద లేనట్టే.

పక్క తోట వదిన నూకాలు గట్టు అవతలనుంచి అంతా వింటోంది. ఆమెకి వినడం ఒక పని, సలహా చెప్పడం రెండో పని.

"ఇంకా ఆ పురుగులతో కబుర్లేంటే లోవా? నేను చూడు, బూడిద చల్లేశాను. రాలినవాటిని ఏరి పొయ్యిలో పడేశాను. పీడా పోయింది."

"అమ్మమ్మ మాట ఇచ్చింది వదినా."

"మీ అమ్మమ్మ మాట పురుగులు తింటున్నాయి, ఆకుతో సహా!" అని నూకాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "రేపు పొద్దున్నకల్లా నువ్వేదో ఒకటి తేల్చుకో. లేకపోతే నా బూడిద తట్ట నేనే తెస్తాను."

*

మర్నాడు లోవమ్మ మంచు ఆరకముందే వచ్చి మొక్క పక్కన కూర్చుంది. పురుగులు వరసకట్టి వచ్చాయి. ముందు నడిచినవాడు సింగన్న. ఒళ్ళు మెరుస్తోంది, నడక మాత్రం కాస్త కుంటుతోంది.

"అమ్మా వంగమ్మా, ఇప్పుడే కళ్ళు తెరిచానండీ. లోకమంతా కొత్తగా ఉందండీ. పురిటాకు ఇప్పించండి" అన్నాడు సన్నని గొంతుతో.

"ఆగవయ్యా. నిన్న కూడా నువ్వే వచ్చావు" అంది లోవమ్మ.

"ఆయ్, నిన్న వచ్చింది మా అన్నండీ."

"మొన్న?"

"మా నాన్నగారండీ. మాది ఒకే పోలికండీ."

"మీ నాన్న కూడా మొన్ననే పుట్టాడా?"

వెనక వరసలో కిసుక్కుమన్నారు. సింగన్న మీసాలు సర్దుకుని, "మా ఇంట్లో పుట్టుకలు కాస్త తొందరండీ" అన్నాడు.

లోవమ్మకి నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. ఇతను ముసలివాడని ఆమెకి తెలుసు. కానీ చూపించి చెప్పడం ఎలా? వెనక ఉన్న అందరిదీ అదే రంగు. అందులో నిజంగా ఈ పొద్దున పుట్టినవాళ్ళు ఉంటే? వాళ్ళని ఆకలితో పంపిస్తే అమ్మమ్మ మాట పోతుంది. అందరికీ పెడితే అమ్మమ్మ వంకాయ పోతుంది.

అప్పుడు ఆమెకి ఒక ఆలోచన తట్టింది. వంకాయ లేతదో ముదురో తేలనప్పుడు సంతలో అందరూ ఏం చేస్తారు? బొటనవేలితో నొక్కి చూస్తారు. మెత్తగా దిగితే లేత, దిగకపోతే ముదురు. ఆమె చెయ్యి ఎన్ని తట్టల వంకాయలు నొక్కిందో! పురుగైతే మాత్రం ఏం? కొత్తగా పుట్టినదాని పెంకు మెత్తగానే ఉంటుంది.

"ఒక్కొక్కరూ రండి. వీపు చూపించండి" అంది.

సింగన్నని నొక్కింది. రాయిలా ఉన్నాడు. "వెళ్ళవయ్యా కింది ఆకుకి!"

రెండోదాన్ని నొక్కింది. గట్టి. మూడోదాన్ని నొక్కింది. గట్టి. "సిగ్గు లేదు? ఫో!" ఆమెకి ఉత్సాహం వచ్చింది. వేలు దానంతట అదే నడుస్తోంది. గట్టి. గట్టి. గట్టి.

ఆ తరవాతిది ఏమీ మాట్లాడలేదు. నోరు తెరిచి అడగడం దానికి ఇంకా రాదు. లోవమ్మ అదే ఊపులో నొక్కింది.

వేలు లోపలికి దిగింది.

తడి గోడ మీద చెయ్యి ఆనించినట్టు, ఆ చిన్న పెంకు మీద బొటనవేలి అచ్చు పడింది. పసిది కాళ్ళు ముడుచుకుని పక్కకి ఒరిగిపోయింది.

"నా పిల్ల! నా పిల్లండీ!" అని వెనకనుంచి ఒక పురుగు పరుగెత్తుకొచ్చింది. ఆమె పేరు అచ్చాయమ్మ. "ఇప్పుడే తోలు విడిచిందండీ. ఇంకా గాలి కూడా తగల్లేదు దానికి. పురిటాకు తినడానికి వచ్చింది కదండీ, ఏం చేశారండీ!"

కింది ఆకుల మీదకి పోతున్న ముసలివాళ్ళు కూడా ఎక్కడివాళ్ళు అక్కడే నిలబడిపోయారు. గట్టు మీద బూడిద తట్టతో వచ్చిన నూకాలు తట్ట కింద పెట్టింది.

లోవమ్మ తన బొటనవేలి వంక చూసుకుంది. ఎప్పుడో చిన్నప్పుడు విన్న మాట చెవిలో పడింది. మొక్క మీద కాయని నొక్కబోతే అమ్మమ్మ చేతి మీద చిన్న దెబ్బ వేసేది. "నొక్కిన చోట కాయ నల్లబడి కుళ్ళుతుందే పిచ్చిదానా. సంతలో వాళ్ళకి తొందర, నొక్కుతారు. తోట మనది. కంటితో చూడడం నేర్చుకో. నిగనిగ చూడు, ముచ్చిక చూడు."

ఆ మాట ఇన్నాళ్ళు ఎలా మరిచిపోయింది?

*

అప్పుడు ఏడుస్తూ కూర్చుంటే పని జరగదని లోవమ్మకి తెలుసు. దెబ్బ తగిలితే ముందు పసుపు పెట్టాలి. గట్టు మీద పసుపు మొక్క ఒకటి పీకి, పచ్చి కొమ్ము కడిగి, రాయి మీద అరగదీసింది. పసిదాన్ని అరచేతిలోకి తీసుకుని, పావురాయి ఈకతో వీపంతా మెల్లగా పసుపు రాసింది. తల మీద, రెక్కల మీద, కాళ్ళ మీద. అమ్మమ్మ లంకలో పుట్టిన పిల్లలకి పసుపూ పిండీ రాసి నలుగు పెట్టేది ఇలాగే. చేతులు గుర్తు తెచ్చుకున్నాయి.

"బతుకుతుందా అండీ?" అంది అచ్చాయమ్మ.

"ఉండమ్మా. కంగారు పడకు" అంది లోవమ్మ. ఆమె గొంతులోనే కంగారు ఉంది.

మెత్తని పెంకు పసుపుని పీల్చుకుంది. రాగి రంగు మాయమైపోయింది. పసిది అరచేతిలో పసుపు ముద్దలా, చిన్న శనగపప్పు బద్దలా పడి ఉంది. కాసేపటికి ఒక కాలు కదిలింది. మరి కాసేపటికి లోపలనుంచి ఊపిరి పోసుకుని పెంకు పైకి ఉబ్బింది. వేలి అచ్చు చెరిగిపోయింది. పసిది తల ఎత్తి, చుట్టూ చూసి, మొదటి మాట మాట్లాడింది.

"ఆకలి."

అందరూ ఒక్కసారి నవ్వారు. అచ్చాయమ్మ ఏడుస్తూ నవ్వింది. మొక్క తనకి మిగిలిన ఒకే ఒక చిగురుకొమ్మ వంచింది. పసిది ఆకు అంచు పట్టుకుని కొరికింది.

పచ్చని ఆకు మీద పసుపు పచ్చని పసిది. తోట ఆ చివరనుంచి చూసినా కనిపిస్తోంది.

"ఓసి నీ సిగతరగ!" అంది నూకాలు. "ఇదిగో లోవా, ఇప్పుడు దీన్ని నొక్కి చూడక్కర్లేదు. ఇది పురిటిబిడ్డ అని గుడ్డివాడైనా చెబుతాడు."

ఆ మాటతో లోవమ్మ లేచి నిలబడింది. "అచ్చాయమ్మా, ఇక మీదట మీలో ఎవరు పుట్టినా ముందు పసుపు రాస్తాను. పసుపు ఉన్నవాళ్ళకే పురిటాకు. సరేనా?"

"మహా సరే" అంది అచ్చాయమ్మ. తల్లులందరూ గొంతు కలిపారు.

అయితే అచ్చాయమ్మకి ఇంకో బెంగ పట్టుకుంది. "ఇంత ముద్దుగా ఉంటే అందరి కళ్ళూ దీని మీదే పడతాయండీ. దిష్టి తగులుతుంది."

అదీ నిజమే అనుకుంది లోవమ్మ. పసుపు ఆరాక, గంజి కుండ అడుగున ఉన్న మసి చీపురుపుల్లతో తీసి, పసిదాని రెక్క మీద ఒక చుక్క పెట్టింది.

అది చూసి పక్కనున్న ముసలమ్మ పురుగు ముందుకొచ్చింది. "దాని మేనత్తని నేనుండగా మీరొక్కరే పెడితే ఎలాగండీ? నా పేరున ఒకటి."

"దాని అమ్మమ్మని, నాది లేకుండానా?"

"పెదనాన్నని. అక్షింతలు వేసినట్టు నేనూ ఒకటి వేస్తానండీ. చల్లగా ఉండాలి పిల్ల."

పెళ్ళిలో అక్షింతల కోసం ఎగబడినట్టు అందరూ ఎగబడ్డారు. ఈ రెక్క మీద కొన్ని, ఆ రెక్క మీద కొన్ని. ఒక పక్క ఎక్కువైతే రెండో పక్క వాళ్ళు ఊరుకోలేదు. వీపంతా నిండాక గానీ ఆగలేదు. అందుకే ఆ రోజునుంచి ఆ పురుగుని అక్షింతల పురుగు అన్నారు.

ఇదంతా పైనుంచి సూర్యుడు చూస్తున్నాడు. తోలు విడిచిన పురుగుకి రాగిపూత పూసేది అతనే. పుట్టీ పుట్టకముందే ఒక్క చూపు చూసి, తళుక్కున పూసేసి, పక్క తోటకి పోయేవాడు. ఇప్పుడు పసిదాని మీదకి వంగి, "ఏంటమ్మా, నా పూత చెరిపేశావు? మళ్ళీ పూయమంటావా?" అన్నాడు.

"పూయి బాబూ. కానీ ఒక్కసారే వద్దు" అంది లోవమ్మ. "ఈవాళ కాస్త, రేపు కాస్త. పసుపు పోయి నారింజ, నారింజ పోయి ఇటికరంగు, చివరికి రాగి. చూడగానే ఇది పసిది, ఇది వయసుది, ఇది ముసలిది అని తెలియాలి. వేలు పెట్టక్కర్లేకుండా."

"రోజూ ఒక్కొక్కదాని దగ్గరా ఆగి పూత వెయ్యాలా? నా పనేం కావాలి?"

"మా వడియాలు ఒక్క చూపుతో ఎండిపోతున్నాయా? వాటి దగ్గర రోజూ ఆగుతూనే ఉన్నావు కదా. వెళ్తూ వెళ్తూ వీటినీ చూసిపో."

సూర్యుడు కాస్త ఇబ్బందిగా మబ్బు వెనక్కి పోయి, మళ్ళీ వచ్చి, సరేనన్నాడు.

*

మర్నాడు పొద్దున అందరికంటే ముందు వచ్చింది ఎవరనుకున్నారు? సింగన్న. నెత్తినుంచి కాళ్ళదాకా పసుపు. రాయి మీద మిగిలిన ముద్దలో పొర్లి వచ్చాడు.

"ఇప్పుడే కళ్ళు తెరిచానండీ" అన్నాడు.

అంతలో మంచు బొట్టు ఒకటి పై ఆకునుంచి జారి అతని వీపు మీద పడింది. గట్టి పెంకు మీద పసుపు నిలవలేదు. చేమాకు మీద నీళ్ళలా జర్రున జారిపోయింది. అడుగున ముదురు రాగి మెరిసింది. ఎండకి మగ్గి మగ్గి నలుపు తిరుగుతున్న రాగి.

తోటంతా గొల్లుమంది. నిన్నటి పసిది, వీపు మీద చుక్కలతో, అందరికంటే గట్టిగా నవ్వింది.

సింగన్న నవ్వలేదు. తల వంచుకుని అక్కడే నిలబడ్డాడు. లోవమ్మ దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

"ఎందుకయ్యా సింగన్నా? కింద ముదురాకు నీకు సరిపడా ఉంది కదా. ఆకలి కాదు నీది."

"ఆకలి కాదండీ" అన్నాడు సింగన్న. ఈసారి గొంతు సన్నం చెయ్యలేదు. "నేను పుట్టిన రోజు మీ అమ్మమ్మగారు ఆ గట్టు మీద కూర్చున్నారండీ. గంజి తాగుతున్నారు. చారల వంగ చిగురు వంగి నా నోటి దగ్గరికి వచ్చింది. చల్లగా ఉందండీ. మంచుతో సహా కొరికాను. ఆ రుచి మళ్ళీ ఎప్పుడూ తగల్లేదు. రోజూ తగులుతుందేమోనని వస్తున్నానండీ."

ఈ కాయ కోసం తను పడుతున్న పాట్లు ఎందుకో లోవమ్మకి తెలుసు. నూనెలో కరిగే ఆ వంకాయ, దాని పక్కన అమ్మమ్మ చెయ్యి.

"నా వల్ల ఆ కాయే పోతుందని అనుకోలేదండీ" అన్నాడు సింగన్న.

"సరేలే. కిందికి పద" అంది లోవమ్మ మెత్తగా.

ఆ రోజునుంచి పసుపు పురుగు తప్ప వేరే రంగుది వచ్చి అడిగితే మొక్క కొమ్మ వంచేది కాదు. పసుపువాళ్ళు ఎప్పుడోగానీ పుట్టరు కదా. మొక్క తల మళ్ళీ చిగిర్చింది. ఆకులు విప్పుకున్నాయి. కాయ ఒళ్ళు చేసింది. రోజూ పొద్దున లోవమ్మ రెండు రంగులు చూసేది. పసుపుగా పుట్టినవాళ్ళు మెల్లగా రాగి వైపు నడుస్తున్నారు. చారల కాయ మెల్లగా పసుపు వైపు నడుస్తోంది.

సింగన్న కింది ఆకు మీదే ఉండేవాడు. ఈనెలు వదిలేసి మధ్య మధ్య గీకుతూ, ఆకుని జల్లెడ చేసి పెట్టేవాడు. రాను రాను గీకడం తగ్గింది. ఒక పొద్దున కదలకుండా కూర్చున్నాడు.

లోవమ్మ మొక్క వంక చూసింది. మొక్క ఆమె వంక చూసింది. మొక్క ఒక చిగురుకొమ్మ కిందిదాకా, మట్టికి తగిలేదాకా వంచింది. దాని మీద మంచు ఇంకా ఆరలేదు.

సింగన్న చాలాసేపు వాసన చూశాడు. తరవాత ఒక చిన్న ముక్క కొరికాడు. నమిలాడు.

"ఎలా ఉంది?" అంది లోవమ్మ.

"అదేనండీ. అదే ఆకు." ఇంకోసారి నమిలాడు. "నోరే అది కాదు."

లోవమ్మ అతన్ని రెండు వేళ్ళతో జాగ్రత్తగా ఎత్తి, ఎండ తగిలే ఆకు మీద పెట్టబోయింది. అప్పుడు కనబడింది. సింగన్న మోకాళ్ళ దగ్గర, కాలు మడిచే చోట, పసుపు చుక్కలు. పొర్లిన రోజు పెంకు మీదనుంచి జారిపోయిన పసుపు, మంచు చేరలేని ఆ సందుల్లోకి ఇంకిపోయింది.

"ఇదేంటయ్యా! నీ కాళ్ళలో ఇంకా పసుపు ఉంది!"

సింగన్న అతి కష్టం మీద కాలు చాపి చూసుకున్నాడు. మీసాలు నిక్కబొడుచుకున్నాయి.

"ఆయ్, ఉందండీ" అన్నాడు. "చూశారా, నేను చెబితే ఎవరూ నమ్మలేదు. పసివాడినేనండీ నేను."

ఎండ కాస్త ముదిరాక అతను ఆకు మీదనుంచి రాలిపోయాడు. నిన్నటిదాకా పసిదైన అచ్చాయమ్మ కూతురు, ఇప్పుడు ఇటికరంగు తేలినది, కిందికి దిగి అతని పక్కన కాసేపు నిలబడింది.

కాయ నిండా పసుపు పచ్చగా పండింది. లోవమ్మ కోసి, నీళ్ళలో పిసికి, గింజలు బూడిదలో దొర్లించి ఆరబెట్టింది. గట్టు మీదకి నూకాలు వచ్చి ఊరికే అటూ ఇటూ చూసింది.

"ఏంటి వదినా?"

"ఏం లేదులే. నాకూ ఒక గుప్పెడు పెడతావేమోనని. మీ అమ్మమ్మ చారల కాయ కూర చిన్నప్పుడు నేనూ తిన్నాను."

లోవమ్మ గుప్పెడు పెట్టింది. పురుగుల మీద చల్లడానికి తెచ్చిన బూడిద తట్ట నూకాలు మళ్ళీ తీసుకుపోలేదు. అందులోనే గింజలు దొర్లాయి.

తరవాత ఎన్నో వరదలు వచ్చాయి, పోయాయి. లోవమ్మ లేదు. పురిటాకు మాట మనుషులూ మరిచిపోయారు, పురుగులూ మరిచిపోయాయి. ఇప్పుడు ఆ పురుగు చిగురనీ ముదురనీ చూడదు, తోట మొత్తం గీకేస్తుంది. రైతులు దాన్ని చూస్తే ఊరుకోరు. ఇద్దరూ మాట్లాడుకోవడం ఎప్పుడో మానేశారు. సూర్యుడు మాత్రం ఒప్పుకున్న పని ఇంకా చేస్తూనే ఉన్నాడు. పసుపు కూడా ఇంక ఎవరూ రాయక్కర్లేకపోయింది.

అప్పటినుంచే అక్షింతల పురుగు తోలు విడిచి బయటికి వచ్చినప్పుడు చుక్క లేకుండా పసుపు ముద్దలా, మెత్తగా ఉంటుంది. కాసేపటికి వీపు మీద అయినవాళ్ళ చుక్కలు ఒక్కొక్కటే తేలతాయి. రోజులు గడిచేకొద్దీ నారింజ, ఇటికరంగు దాటి రాగిలోకి ముదురుతుంది. అది పసిదో ముసలిదో తెలుసుకోవడానికి చూస్తే చాలు, నొక్కక్కర్లేదు. అయినా ఎవరైనా పట్టుకుని నొక్కితే, ఎంత ముసలిదైనా సరే, కాళ్ళు ముడుచుకుని, మోకాళ్ళ సందుల్లోంచి ఒక పసుపు చుక్క బయటికి తీసి చూపిస్తుంది.